పని మీద విశాఖకు వచ్చినప్పుడు: చలికాలంలో దొరికిన కొద్ది సమయంలో ఏది చూడాలి, ఏది వదలాలి

డిసెంబరు, జనవరి నెలల్లో విశాఖపట్నానికి ఉద్యోగరీత్యా వచ్చేవారు ఎందరో ఉంటారు. శిక్షణ తరగతులకు, ఆడిట్ పనులకు, పరవాడ ఫార్మా కంపెనీల్లో తనిఖీలకు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సదస్సులకు, ఋషికొండ ఐటీ కార్యాలయాల్లో సమావేశాలకు వచ్చి, మూడు నాలుగు రోజులుండి, పని ముగించుకుని తిరుగు ప్రయాణం కడతారు. ఊరు కొత్త కనుక ఏం చూడాలని ఎవరినైనా అడిగితే అందరూ దాదాపు ఒకే జాబితా చెబుతారు: ఆర్కే బీచ్, కైలాసగిరి, సింహాచలం, భీమిలి, అరకు. ఆ జాబితాలో తప్పేమీ లేదు కానీ, అది సెలవు పెట్టి కుటుంబంతో వచ్చినవారి జాబితా. పని మీద వచ్చినవారికి కావలసింది వేరు. తమకు మిగిలిన రెండు మూడు ఖాళీ పూటల్లో వీటిలో దేనికి వెళ్లవచ్చు, దేన్ని మరో ప్రయాణానికి అట్టే పెట్టుకోవాలి అన్నది వారి ప్రశ్న. చోటు ఎంత పేరున్నదన్న లెక్క పక్కన పెట్టి, మీకు ఏ పూట ఖాళీగా ఉంది, ఊళ్లో ఏ వైపు బస చేశారు అన్న రెండు విషయాలను బట్టి ఎంచుకోమని నా సలహా.

ముందుగా తేల్చుకోవలసిన విషయాలు

అన్నిటికంటే ముందు చూడవలసింది పొద్దు. విశాఖ తూర్పు తీరాన ఉంది. డిసెంబరులో ఇక్కడ సుమారు 6:20కి తెల్లవారుతుంది, సాయంత్రం 5:25 ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. జనవరి మధ్యకు వచ్చేసరికి రెండూ కాస్త ఆలస్యమవుతాయి. ఆరు గంటలకు ఆఫీసు నుంచి బయటపడేవారికి అప్పటికే చీకటి పడిపోతుంది కనుక తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, యారాడ వంటి వెలుగులో చూడవలసిన చోట్లు పనిదినాల్లో సాయంత్రం సాధ్యం కావు. పైగా ఇక్కడ సముద్రంలో సూర్యాస్తమయం కనబడదు. పొద్దు కొండల వెనక్కి వాలుతుంది. దానికి బదులుగా ఉదయం మన చేతిలో ఉంటుంది. సూర్యుడు నేరుగా సముద్రంలోంచి పైకి వస్తాడు, ఆ వేళకు ఉష్ణోగ్రత 18–20 డిగ్రీల మధ్య ఉండి హాయిగా నడవడానికి అనువుగా ఉంటుంది, సమావేశాలు ఎంత తొందరగా మొదలైనా తొమ్మిది దాటుతుంది. ఊరు చూడటమంటే పని అయ్యాక సాయంత్రం బయలుదేరడమే అనుకునే అలవాటును విశాఖలో ఉన్నన్నాళ్లూ మార్చుకోవాలి.

రెండవది బస. నగరం తీరం వెంట పొడవుగా సాగి ఉంది. దక్షిణాన గాజువాక, ఉక్కునగరం. నడుమ రైల్వే స్టేషన్, ద్వారకానగర్, సిరిపురం, జగదాంబ. ఉత్తరాన మధురవాడ, ఋషికొండ, ఆ పైన భీమిలి. దక్షిణాన గాజువాక పక్కనున్న కూర్మన్నపాలెంలో దిగినవారు ఋషికొండ సూర్యోదయం చూద్దామనుకుంటే ఊరంతా దాటి వెళ్లాలి. వెళ్లేటప్పుడు రోడ్లు ఖాళీగానే ఉన్నా, తిరిగి వచ్చే వేళకు ఎన్ఏడీ కూడలి దగ్గర ఆఫీసుల రద్దీ మొదలై ఉంటుంది.

మూడవది వారం. కురుసుర జలాంతర్గామి మ్యూజియానికీ, ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలకూ సోమవారం సెలవు. ఆదివారం రాత్రి దిగి, సోమవారం సాయంత్రం ఖాళీ చేసుకుని బీచ్ రోడ్డుకు వెళ్లినవారు కురుసురను బయటి నుంచే చూసి వెనుదిరగాలి. నాలుగవది రద్దీ: డిసెంబరు చివరి వారం నుంచి సంక్రాంతి సెలవులు ముగిసే వరకు అరకు, లంబసింగి కొండ ఊళ్ల వైపు గదులు దొరకడం కష్టం, ఘాట్ రోడ్డులో వాహనాలు బారులు తీరతాయి.

| చోటు | అనువైన పూట | రానుపోను కలిపి పట్టే సమయం | ప్రధానమైన ఇబ్బంది |
|---|---|---|---|
| బీచ్ రోడ్డు | తెల్లవారుజాము లేదా సాయంత్రం | 2–3 గంటలు | సోమవారం మ్యూజియం సెలవు |
| కైలాసగిరి | సాయంత్రం | 2–3 గంటలు | ఆదివారం జనం |
| సింహాచలం | ఉదయం | 3–4 గంటలు | శని, ఆదివారాల్లో క్యూ |
| తొట్లకొండ–భీమిలి దారి | ఉదయం మొదలుకొని సగం రోజు | 5–6 గంటలు | సొంత వాహనమో ఆటోనో ఉండాలి |
| అరకు, బొర్రా | పూర్తి రోజు | 14 గంటల వరకు | అలసట, ముందస్తు టికెట్లు |
| లంబసింగి, వంజంగి | ఒక రాత్రి బస | రెండు రోజులు | ఆఫీసు పనితో కుదరదు |

బీచ్ రోడ్డు: ఒక్క పూటే ఉన్నవారికి

ఒక ఉదయమో, ఒక సాయంత్రమో తప్ప మరేమీ దొరకనివారు వేరే ఆలోచన పెట్టుకోకుండా ఆర్కే బీచ్‌కు వెళ్లవచ్చు. తెల్లవారుజామున నడకకు వచ్చేవారి కోసం ఈ రోడ్డులో కొంత మేర వాహనాలను ఆపివేస్తారు. ఊరి జనం నడక బూట్లతో, చెవులకు మఫ్లర్లతో రోడ్డు మధ్యలో నడుస్తూ ఉంటారు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లగా కనిపిస్తూ ఉండగా, నౌకాశ్రయంలోకి వెళ్లడానికి వంతు కోసం వేచి ఉన్న ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలవెలబోతూ ఉంటాయి. ఖర్చు లేనిది, టికెట్ లేనిది, ఆలస్యం చేయనిది ఇదొక్కటే.

సాయంత్రం వెళ్లేవారికి ఇక్కడ మ్యూజియాలు ఉన్నాయి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ కురుసుర 2001లో సేవ నుంచి విరమించింది. 2002లో దాన్ని ఇసుకలోకి చేర్చి మ్యూజియంగా తెరిచారు. వారంలో చాలా రోజులు మధ్యాహ్నం తెరిచి రాత్రి ఎనిమిది దాటే వరకు ఉంచుతారు కనుక ఉద్యోగులకు ఇది బాగా కలిసి వస్తుంది. లోపల ఒక అర నుంచి ఇంకో అరకు పోవాలంటే తల వంచి, నడుం మడిచి, గడప మీదుగా కాలెత్తి వేసి దూరాలి. టార్పెడోల పక్కనే నావికుల పడకలు, చేయి చాచితే తగిలేంత దగ్గరగా గొట్టాలు, మీటలు, చక్రాలు. డెబ్బై మందికి పైగా మనుషులు నీటి కింద వారాల తరబడి ఇంత చోటులో బతికారన్న సంగతి ఆ ఇరుకులో నిలబడితేనే ఒంటికి తెలుస్తుంది. వివరించి చెప్పేవారిలో నౌకాదళంలో పనిచేసి విరమించినవారు ఉంటారు. వారిని ఒకటి రెండు ప్రశ్నలు అడగండి, చాలా చెబుతారు. మోకాళ్ల నొప్పులున్నవారికి, ఇరుకంటే భయమున్నవారికి మాత్రం నేను దీన్ని సూచించను.

దానికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం 1988 నుంచి 2017 వరకు నౌకాదళంలో సముద్రంపై నిఘా కాసినది. రెండింటిలో ఒకదానికే సమయం ఉంటే జలాంతర్గామినే ఎంచుకోండి. విమానం ఆకారాన్ని రోడ్డు మీద నుంచి కూడా చాలావరకు చూడవచ్చు. కాస్త దూరంలో 1971 యుద్ధ స్మారకం ఉంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ డిసెంబరులో ఈ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది కనుక ఆ స్మారకాన్ని ఇక్కడ చూడటానికి వేరే అర్థం ఉంది. అదే రోడ్డులో పాత డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియం, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరిపై బాంబులు వేసిన రోజును గుర్తు చేస్తుంది. అప్పటి బాంబు ఒకటి అక్కడ ప్రదర్శనలో ఉంది.

బయటికి వచ్చాక మురీ మిక్చర్ తినకుండా వెళ్లవద్దు. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ పప్పు వేసి, నిమ్మకాయ పిండి, కాగితం పొట్లంలో కలిపి ఇస్తారు; కలిపిన మరుక్షణమే తినాలి, రెండు నిమిషాలు ఆలస్యమైతే మెత్తబడిపోతుంది. నీళ్లలోకి దిగడం గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఈ తీరంలో అడుగున లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి, మోకాలి లోతు అనుకున్న చోట ఇసుక జారి లోతు పెరుగుతుంది. ఈత వచ్చినవారూ ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పాదాలు తడుపుకుని ఆగిపోవాలి.

కైలాసగిరి

బీచ్ రోడ్డు ఉత్తరపు కొసన ఉన్న ఈ కొండ మీదికి రోడ్డు ఉంది, రోప్‌వే ఉంది. పైన శివపార్వతుల తెల్లని పెద్ద విగ్రహాలు, చిన్న రైలు ఉన్నాయి. ఇక్కడి నుంచి దక్షిణానికి చూస్తే తీరం విల్లులా వంగి కనిపిస్తుంది. అది చాలా మంచి దృశ్యమే. అయితే మీరు తొట్లకొండకు వెళ్లగలిగితే కైలాసగిరిని వదిలేయవచ్చు, ఎందుకంటే అక్కడి నుంచి కనబడే సముద్రం ఇంతకంటే విశాలం, చుట్టూ నిశ్శబ్దం. వెలుగున్న పూట దొరకనివారికి మాత్రం కైలాసగిరే సరైనది. చీకటి పడ్డాక నగర దీపాలన్నీ కాళ్ల కింద పరుచుకుని కనిపిస్తాయి.

సింహాచలం, పాత ఊరు

భక్తితో వెళ్లేవారికి పోలికలు అక్కరలేదు, వారు ఎలాగూ వెళ్తారు. శిల్పం, చరిత్ర చూడాలనుకునేవారికి ఈ మాటలు. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఊరి నడిబొడ్డు నుంచి సుమారు 16 కిలోమీటర్లు. పశ్చిమ ముఖంగా ఉండే ఈ ఆలయాన్ని పదమూడవ శతాబ్దంలో తూర్పు గాంగులు పెద్దగా కట్టించారు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర కాలంలో ఇక్కడికి వచ్చి సమర్పించిన కానుకలను శాసనాలు చెబుతున్నాయి. స్వామి ఏడాదంతా చందనంతో కప్పబడి ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు మాత్రమే. కనుక శీతకాలంలో వచ్చినవారికి కనబడేది చందన రూపమే. దర్శనం అయ్యాక తొందరపడి దిగిపోకుండా ముఖమండపం స్తంభాలనూ, బయటి గోడల మీది శిల్పాలనూ నిదానంగా చూడాలి. పనిదినాన ఉదయం బయలుదేరితే కొండ మీద మంచు తెరలు విడిపోకముందే చేరవచ్చు. కానీ దర్శనానికి ఎంత సేపు పడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు కనుక పదింటికి ముఖ్యమైన సమావేశం ఉన్న రోజున దీన్ని పెట్టుకోవద్దు.

అటువంటి రోజున, అది మార్గశిర మాసమైతే, పాత ఊళ్లోని బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లవచ్చు. అమ్మవారి గర్భగుడికి పైకప్పు ఉండదు, ఆకాశం కిందే కొలువై ఉంటుంది. కులమత భేదం లేకుండా భక్తులు తామే స్వయంగా పూజ చేసుకుంటారు. గురువారాలు మాత్రం తప్పించుకోండి, ఆ నెలలో గురువారమంటే ఉత్తరాంధ్ర అంతా అక్కడే ఉంటుంది. దగ్గరలోనే నౌకాశ్రయం ముఖద్వారం పక్కన మూడు కొండలు వరుసగా ఉన్నాయి: ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. వాటి మీదికి ఎక్కితే ఓడలు ఇరుకు కాలువలోకి మెల్లగా వచ్చే తీరు దగ్గరగా కనబడుతుంది. ఈ ప్రాంతాన్ని జాబితాల్లో అంతగా చెప్పరు, చెప్పాలి.

తొట్లకొండ నుంచి భీమిలి వరకు: నా మొదటి ఎంపిక

సగం రోజు, అంటే ఆదివారం మధ్యాహ్నం వరకో, పని తొందరగా ముగిసిన శుక్రవారం పన్నెండింటి నుంచో దొరికితే, ఈ దారికి సాటి వచ్చేది విశాఖలో లేదని నా అభిప్రాయం. ఒకే రోడ్డు, ఎడమ చేతి వైపు కొండలు, కుడి చేతి వైపు సముద్రం. ఎక్కడ విసుగు పుడితే అక్కడి నుంచి వెనక్కి తిరగవచ్చు. పని మీద వచ్చినవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

ఋషికొండ బీచ్ 2020లో, శుభ్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది. మధురవాడ, ఋషికొండలలో బస చేసినవారు దాన్ని నడకలోనే చూసేస్తారు, మిగతావారు దారిలో పావుగంట ఆగితే చాలు. అక్కడి నుంచి ముందుకు వెళ్తే మంగమారిపేట దగ్గర కొండ మీద తొట్లకొండ ఉంది. సుమారు రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు నివసించిన చోటు ఇది. నౌకాదళం ఈ కొండను పరిశీలిస్తున్నప్పుడు బయటపడింది, 1988 తరువాత తవ్వకాలు జరిగాయి. మహాస్తూపం అడుగుభాగం, చైత్యాల (ప్రార్థనా మందిరాల) వలయాలు, భిక్షువుల గదుల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు మిగిలి ఉన్నాయి. గదుల కొలతలు చూడండి: ఒక మనిషి పడుకుని, లేచి కూర్చుంటే సరిపోయేంత. ప్రతి గది ముందూ వసారా ఉంది. వానాకాలమంతా ఇక్కడే ఉండే భిక్షువులు తాగడానికి కొండపైనే నీరు నిలుపుకున్నారు, ఎదురుగా ఓడల రాకపోకలు కనబడేవి. పునాదులే కదా, చూడటానికి ఏముందని అనుకునేవారు ఉంటారు; వారికి నిజంగానే ఇది నిరాశ కలిగించవచ్చు. గోడలు, గోపురాలు ఉంటే తప్ప మనసు నిలవనివారు సింహాచలానికి వెళ్లడమే మంచిది.

ఇంకా ముందుకు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. సముద్రం ఒడ్డున గాలి, వాన, సముద్ర మట్టం హెచ్చుతగ్గులు కలిసి వేల ఏళ్లలో కట్టిన ఎర్ర ఇసుక మేటలు ఇవి, వాటి నడుమ వాన కోసిన లోతైన గండ్లు. 2014లో భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. నడిచి వెళ్లవలసిన చోటు కనుక ఆఫీసు బూట్లతో దిగవద్దు. ప్యాంటు అంచులకు ఆ ఎరుపు అంటుకుంటే తొందరగా వదలదు. అంచుల మీదికి ఎక్కి ఫొటోలు తీసుకోవడం మీకూ ప్రమాదమే, దిబ్బలకూ నష్టమే. ఒంటరిగా వచ్చినవారు పొద్దు వాలకముందే బయటికి వచ్చేయాలి.

చివర భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పాత దీపస్తంభం, డచ్చివారి సమాధులు, ఇంకా వేట పడవలు వాడుకలో ఉన్న తీరం. గోస్తనీ అనంతగిరి కొండల్లో బొర్రా గుహల దగ్గర పుట్టి ఇక్కడికి వస్తుంది. అరకు వెళ్లలేకపోయానని బాధపడేవారు ఆ నది కొసనైనా ఇక్కడ చూడవచ్చు.

రవాణా విషయానికొస్తే, ఆర్టీసీ 900కె బస్సు భీమిలి దాకా వెళ్తుంది. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ వరకు డబుల్ డెక్కర్ పర్యాటక బస్సులను 2025లో మొదలుపెట్టారు. అయితే తొట్లకొండ రోడ్డు మీద నుంచి కొండెక్కాలి, దిబ్బల దగ్గర తిరుగు వాహనం తొందరగా దొరకదు. కనుక సగం రోజుకు ఆటో లేదా కారు మాట్లాడుకుని, వేచి ఉండే సమయానికి కూడా ముందే ధర తేల్చుకోవడం మేలు.

అరకు: వెళ్లాలా, వద్దా

అందరూ వెళ్లమనేది ఇక్కడికే, శీతకాలం అరకుకు మంచి కాలమన్నదీ నిజమే. నవంబరు, డిసెంబరుల్లో కొండ వాలులన్నీ వలిసె పూలతో పసుపుపచ్చగా ఉంటాయి, అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో పళ్లు ఎర్రబడతాయి, ఉదయాన లోయలో మంచు ఉంటుంది. కానీ విశాఖ నుంచి దూరం సుమారు 115 కిలోమీటర్లు, అందులో చివరి భాగమంతా ఘాట్. ఆదివారం అరకుకు వెళ్లి, సోమవారం ఉదయం ప్రెజెంటేషన్ ఇవ్వవలసినవారు బాగా ఆలోచించుకోవాలి.

వెళ్లడానికి రెండు దారులున్నాయి. కిరండూల్ వెళ్లే రైలు విశాఖలో ఉదయం ఏడు లోపే బయలుదేరుతుంది; శృంగవరపుకోట దాటాక కొండలెక్కడం మొదలుపెట్టి, సొరంగాల్లోంచి, లోయల అంచుల మీదుగా వెళ్తుంది. అద్దాల విస్టాడోమ్ బోగీకి టికెట్లు చాలా ముందుగా అయిపోతాయి, ప్రయాణం ఖాయమైన రోజునే తీసుకోవాలి. రైలులో ప్రయాణమే చూడవలసిన విషయం. అయితే అరకు చేరేసరికి మధ్యాహ్నం కావస్తుంది, తిరుగు రైలు పట్టుకోవాలంటే అక్కడ తిరిగే సమయం బాగా తగ్గిపోతుంది, బొర్రా గుహలూ కుదరవు. కారులో వెళ్తే బొర్రా, గాలికొండ, కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం అన్నీ చూడవచ్చు కానీ ఘాట్ మలుపుల్లో వాంతులయ్యేవారికి కష్టం. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు అన్నది రెండింటి మంచినీ కలుపుతుంది. పర్యాటక శాఖ ప్యాకేజీలు కూడా ఈ పద్ధతినే పాటిస్తాయి.

బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, తడి ఎక్కువ. స్వెట్టర్ తప్పనిసరి. విశాఖలో చలి లేదు కదా అని చొక్కాతో వెళ్లినవారు పొద్దు వాలాక అరకులో వణుకుతూ శాలువాలు కొనుక్కుంటారు. లంబసింగి, వంజంగిల సంగతి ఇంకా వేరు: అక్కడి మంచు, మబ్బుల అందమంతా తెల్లవారుజాముదే, అర్ధరాత్రి బయలుదేరితే గానీ అందదు. నిద్ర లేకుండా రాత్రిపూట ఘాట్ రోడ్డులో ప్రయాణం చేయడం ఆఫీసు పని మీద వచ్చినవారికి తగదు. రెండు రోజుల సెలవు కలుపుకోగలిగితేనే ఆలోచించండి.

మీ పరిస్థితిని బట్టి

గాజువాక, ఉక్కునగరం, పరవాడ వైపు బస చేసినవారికి పై జాబితాలో చాలావరకు దూరం. వారు యారాడకు వెళ్లవచ్చు. డాల్ఫిన్స్ నోస్ కొండకు అవతల, మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రం ఉన్న తీరం అది. పగటి వేళ మాత్రమే వెళ్లాలి, నీటి విషయంలో ఆర్కే బీచ్ గురించి చెప్పిన జాగ్రత్త అక్కడ ఇంకా ఎక్కువ అవసరం.

సహోద్యోగులతో గుంపుగా ఉన్నవారికి అరకు బాగుంటుంది, కారు ఖర్చు పంచుకోవచ్చు, బొంగులో చికెన్ చుట్టూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఒంటరిగా వచ్చిన మహిళలకు ఉదయపు బీచ్ రోడ్డు, కురుసుర, సింహాచలం నిశ్చింతగా వెళ్లగలిగినవి. తొట్లకొండ, దిబ్బలకు ఆదివారం ఉదయం, కుటుంబాలు వచ్చే వేళ చూసుకుని వెళ్లడం నయం. అమ్మానాన్నలను వెంట తెచ్చుకున్నవారు సింహాచలం, కైలాసగిరి పెట్టుకుని, బొర్రా మెట్లను, కురుసుర ఇరుకును వదిలేయాలి.

ఒక రోజంతా ఖాళీ ఉండి అరకా, భీమిలి దారా అని తేల్చుకోలేనివారు ఈ ఒక్కటి చూసుకోండి: మళ్లీ విశాఖకు వచ్చే పని ఉందా? ఉంటే ఇప్పుడు భీమిలి దారి చాలు, అరకుకు రాత్రి బసతో ఇంకోసారి వెళ్లండి. లేకపోతే, విస్టాడోమ్ టికెట్ చేతిలో ఉంటే, మరుసటి రోజు ఉదయం పని తేలికైనదైతే, అరకుకే వెళ్లండి.

తిరుగు ప్రయాణం నాడు గది ఖాళీ చేసి, సామానుతో సాయంత్రం వరకు గడపవలసివస్తే హోటల్ వారినే సామాను ఉంచమని అడిగి విశాఖ మ్యూజియం, స్మారకం చూసి, మధ్యాహ్నం తెరవగానే కురుసురలోకి వెళ్లండి. ఆ వేళ జనం తక్కువ. ఇంటికి పట్టుకెళ్లడానికి మాడుగుల హల్వా, అరకు కాఫీ పొడి, ఏటికొప్పాక లక్క బొమ్మలు ఊళ్లోనే దొరుకుతాయి, వాటి కోసం ప్రత్యేకంగా ఒక పూట ఖర్చు చేయనవసరం లేదు.